300 నుంచి 500 మీటర్ల వేటకు బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఎలా ఎంచుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఇన్నాళ్లూ దట్టమైన అడవిలో, 150 మీటర్ల లోపే జింకల వేట చేశారు. ఈసారి చెట్లు పలచగా ఉండే కొండవాలుల్లో వేటకు పర్మిట్ వచ్చింది. అక్కడ 300 నుంచి 500 మీటర్ల దూరంలో కాల్చాల్సి రావచ్చు. 6.5 క్రీడ్‌మూర్, 7ఎంఎం పీఆర్‌సీ, .300 విన్ మ్యాగ్ అనే మూడు కాలిబర్లలో (తూటా రకాల్లో) ఏది తీసుకోవాలి, రైఫిల్ బరువుగా ఉండాలా తేలికగానా, ఏ కంపెనీది కొనాలి అని అడిగారు. ఎక్కువగా జింకలే, ఎప్పుడైనా ఒక ఎల్క్ (జింక జాతిలో చాలా పెద్దది) అని కూడా రాశారు.

సూటిగా చెప్తున్నాను: 6.5 క్రీడ్‌మూర్ తీసుకోండి. బారెల్ 22 లేదా 24 అంగుళాలు, ట్విస్ట్ 1:8 (బారెల్ లోపల మెలి తిరిగే గాళ్లు ఎనిమిది అంగుళాలకి ఒక చుట్టు), వంగని స్టాక్ (భుజానికి ఆనించే, బారెల్ కింద దాకా వచ్చే చట్రం), స్కోప్‌తో కలిపి 4 నుంచి 4.5 కిలోల బరువు. టిక్కా టీ3ఎక్స్, బెర్గారా బీ-14, హోవా 1500 లాంటి మామూలు ఫ్యాక్టరీ రైఫిల్ మీకు పూర్తిగా సరిపోతుంది. రైఫిల్‌కి ఎంత పెడతారో స్కోప్‌కీ దాన్ని బిగించే మౌంట్లకీ కలిపి కనీసం అంత పెట్టండి. సాధన తూటాల డబ్బు ఆ రెండింటికీ ముందే పక్కన తీసి పెట్టుకోండి. ఎల్క్ వేట ఏటా ఉంటుందంటే మాత్రం 7ఎంఎం పీఆర్‌సీ ఆలోచించండి. .300 విన్ మ్యాగ్ మీకు అక్కర్లేదని నా అభిప్రాయం. ఎందుకో కింద చెప్తాను.

దూరపు వేటకు పనికొచ్చే రైఫిలా కాదా అన్నది నేను ఒక్క ప్రశ్నతోనే తేల్చుకుంటాను. వీపు మీది బ్యాగు దింపి, దాని మీద రైఫిల్ ఆనించి, చల్లటి బారెల్‌తో కాల్చిన మొట్టమొదటి తూటా ఎక్కడ పడింది? అందరూ చూపించే ఫొటోలు వేరు. బెంచి మీద కూర్చుని, ఇసుక సంచుల మధ్య రైఫిల్ బిగించి, రెండు మూడు తూటాలు పేల్చి బారెల్ కుదురుకున్నాక తీసిన గ్రూపులవి, అంటే కాగితం మీద ఒక చోట పడ్డ చిల్లుల గుంపులు. వేటలో రెండో అవకాశం వస్తుందన్న నమ్మకం లేదు. మొదటి తూటా కడుపులోనో కాలికో తగిలితే ఆ జంతువు మనకి కనిపించనంత దూరం వెళ్లి గంటల తరబడి బాధపడుతుంది. కాబట్టి యాక్షన్ (తూటాని ఎక్కించి పేల్చే యంత్రాంగం), బారెల్, స్టాక్, కాలిబర్, ఏదైనా సరే, ఆ మొదటి తూటాకి సాయం చేస్తుందా లేదా అన్నదే లెక్క.

ముందు దూరం సంగతి చూద్దాం, ఎందుకంటే 150 మీటర్లకి అలవాటైన వాళ్లకి 400 మీటర్లు ఎంత వేరో కాగితం మీద చూస్తేగానీ తెలియదు.

6.5 క్రీడ్‌మూర్‌లో 143 గ్రెయిన్ల (సుమారు 9.3 గ్రాముల) బుల్లెట్ 24 అంగుళాల బారెల్ నుంచి సెకనుకు సుమారు 820 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. 200 మీటర్ల దగ్గర జీరో చేశారనుకోండి, అంటే గురిపెట్టిన చోటే తూటా పడేలా స్కోప్ సర్దారనుకోండి. 300 మీటర్లకి అది గురి కంటే దాదాపు 25 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. 400 కి 70, 500 కి 140 సెంటీమీటర్ల దాకా దిగుతుంది. జింకకి గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం 20 నుంచి 25 సెంటీమీటర్ల వెడల్పు. మధ్యలో గురిపెడితే అటూ ఇటూ పది, పన్నెండు సెంటీమీటర్లే మన చేతిలో ఉన్నాయి. మీరు 400 మీటర్లు అని కంటితో అంచనా వేసింది నిజానికి 425 అయితే, ఆ ఒక్క పొరపాటుకే తూటా పది సెంటీమీటర్లకి పైగా కిందికి పోతుంది. రైఫిల్ ఎంత ఖరీదైనదైనా ఇక్కడ ఆదుకోలేదు. లేజర్ రేంజ్‌ఫైండర్ లేకుండా 250 మీటర్లు దాటి కాల్చొద్దు. కొండవాలు కాబట్టి కోణాన్ని కూడా లెక్కగట్టే రేంజ్‌ఫైండర్ తీసుకోండి. 30 డిగ్రీల వాలులో 400 మీటర్ల దూరానికి మీరు దిద్దుకోవాల్సింది దాదాపు 346 మీటర్లకి మాత్రమే.

గాలి ఇంకా కష్టం. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి ఇదే బుల్లెట్‌ని 300 మీటర్ల దగ్గర 15 సెంటీమీటర్లు, 400 దగ్గర 28, 500 దగ్గర 45 సెంటీమీటర్లు పక్కకి నెడుతుంది. దూరాన్ని పరికరం చెబుతుంది, గాలిని మనమే చదవాలి. పైగా కొండల్లో మీరున్న గట్టు మీద గాలి ఒక వైపు, మధ్యలో లోయలో ఇంకో వైపు వీస్తుంటుంది. మీ చేతిలోని విండ్ మీటర్ మీ దగ్గరి గాలినే చెబుతుంది. అవతల గడ్డి ఎటు వంగుతోందో, బైనాక్యులర్స్‌లో ఎండ కెరటాలు ఎటు పారుతున్నాయో చూసి నేర్చుకోవాలి. అది నేర్చుకోవడానికి కాలం పడుతుంది, తూటాలు ఖర్చవుతాయి. సాధనకి డబ్బు ముందే తీసి పెట్టుకోమన్నది ఇందుకే.

మూడోది కాలం. 500 మీటర్లు చేరడానికి ఈ బుల్లెట్‌కి సుమారు 0.7 సెకను పడుతుంది. ట్రిగ్గర్ నొక్కాక జింక మామూలుగా ఒక్క అడుగు ముందుకేస్తే చాలు, భుజం వెనక పెట్టిన గురి కడుపులోకి పోతుంది. దీనికి ఏ కాలిబర్‌లోనూ మందు లేదు. ఆ దూరంలో నిలబడి మేస్తున్నదో, పడుకుని ఉన్నదో అయితేనే కాల్చాలి. నడుస్తుంటే కాల్చకూడదు.

ఇక కాలిబర్. మీ మూడింటినీ ఇదే లెక్కలో పెట్టి చూడండి. 7ఎంఎం పీఆర్‌సీ 2022లో వచ్చింది. అందులో 175 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 910 మీటర్లకి పైగా వేగంతో వెళ్తుంది. 500 మీటర్ల దగ్గర అదే అడ్డగాలికి 6.5 కంటే సుమారు పది సెంటీమీటర్లు తక్కువ పక్కకి పోతుంది. ఇది నిజమైన లాభమే. .300 విన్ మ్యాగ్ 1963 నుంచీ ఉంది, పెద్ద జంతువుల మీద దాని పనితనం అందరికీ తెలిసిందే. కానీ గాలి విషయంలో 200 గ్రెయిన్ల బుల్లెట్‌తో కూడా అది మీ 6.5 కంటే కొద్దిగానే మెరుగు. ఒకే బరువున్న రైఫిళ్లలో పెట్టి కాలిస్తే 6.5 కంటే రెట్టింపుకి పైగా శక్తితో భుజాన్ని తన్నుతుంది.

ఈ తన్నుడిని మగతనం కింద లెక్కేసుకునే వాళ్లని చాలామందిని చూశాను. భుజం నొప్పి పెద్ద సంగతి కాదు. అసలు నష్టం రెండు చోట్ల ఉంటుంది. ఒకటి, పేలబోయే ముందే కళ్లు మూసుకోవడం, భుజం ముందుకి తోయడం అలవాటైపోతుంది, అది మనకే తెలియదు. రెండోది ఇంకా ముఖ్యం. గట్టిగా తన్నే రైఫిల్ పేలగానే పైకెగిరి, స్కోప్‌లోంచి జంతువు మాయమైపోతుంది. తూటా ఎక్కడ తగిలిందో, జంతువు ఎలా కదిలిందో, ఎటు పరుగెత్తిందో మీరు చూడలేరు. 6.5 క్రీడ్‌మూర్ 4.5 కిలోల రైఫిల్‌లో ఉంటే, వెనక సరిగ్గా పడుకుంటే, తూటా తగలడం మీ కళ్లతోనే చూడొచ్చు. రెండో తూటా వెయ్యాలా, ఎక్కడ వెయ్యాలి అన్నది అప్పుడు తెలుస్తుంది. ఒంటరిగా వేటకి వెళ్లేవాళ్లకి దీన్ని మించిన లాభం లేదు.

నాతో వచ్చే ఒకాయన ఏళ్ల తరబడి .300 వాడారు. మనిషి బలశాలి, రేంజిలో బాగానే కాలుస్తారు. ఓసారి ఆయనకి చెప్పకుండా నిజమైన తూటాల మధ్య ఒక డమ్మీ తూటా కలిపి మ్యాగజైన్ ఇచ్చాను. డమ్మీ దగ్గర ట్రిగ్గర్ నొక్కగానే పేలుడు లేదు, రైఫిల్ మూతి మాత్రం ఒక్కసారి కిందికి వంగింది. ఆయనే నమ్మలేదు. తర్వాత 6.5 కి మారి, తన దూరం తగ్గుతుందనుకున్నది పెరగడం చూశారు. మీరు ఏ కాలిబర్ కొన్నా ఈ పరీక్ష ఒక స్నేహితుడితో చేయించుకోండి.

ఎల్క్ గురించి. 6.5 తో ఎల్క్ పడదని కాదు. 300 మీటర్ల లోపు, గట్టి బుల్లెట్‌తో, పక్క నుంచి ఊపిరితిత్తుల్లోకి వేస్తే పడుతుంది. భుజం ఎముక మీదుగా, లేదా ఏటవాలు కోణంలో వెయ్యాల్సి వస్తే 7ఎంఎం బరువు బుల్లెట్ మేలు. ఎప్పుడో ఒక ఎల్క్ కోసం ఏడాదంతా జింకలకి మాగ్నమ్ (మందు ఎక్కువుండే బలమైన తూటా) రైఫిల్ మోయడం కంటే, ఆ ఒక్క ఎల్క్‌కి ఇంకో వంద మీటర్లు దగ్గరికి పాకడం మంచిది. మీరు వెళ్లే చోట ఎల్క్‌కి కనీస కాలిబర్ లేదా కనీస శక్తి అని నిబంధన ఉండొచ్చు. కొనే ముందే అది చదువుకోండి.

మీ దగ్గర ఇప్పటికే .308, .30-06, .270 లాంటివి ఏవైనా ఉంటే కొత్తది కొనకుండా 400 మీటర్ల దాకా హాయిగా వెళ్లొచ్చు. .30-06 వచ్చింది 1906లో, .270 వచ్చింది 1925లో. పాతవైనంత మాత్రాన బలం తగ్గలేదు. తేడా ఎక్కడుందంటే ట్విస్ట్‌లో. మామూలు .270 బారెల్స్‌లో గాళ్లు పది అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయి. ఇప్పటి పొడవాటి, సన్నటి ముక్కు బుల్లెట్లలో అతి బరువైనవి ఆ తిప్పుడుకి నిలకడగా ఎగరవు. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్‌ని మొదటి నుంచీ పొడవాటి బుల్లెట్ కోసమే తీర్చిదిద్దారు. కేస్ (తూటా ఇత్తడి గొట్టం) .308 కంటే పొట్టిగా ఉంటుంది కాబట్టి పొడవు బుల్లెట్ కూర్చినా తూటా పొట్టి మ్యాగజైన్‌లో పడుతుంది, బారెల్స్ దాదాపు అన్నీ 1:8 ట్విస్ట్‌తో వస్తాయి. దాని పేరులో మంత్రమేమీ లేదు. బారెల్, మ్యాగజైన్, బుల్లెట్ మూడూ ఒకదానికొకటి కుదిరాయి, అంతే.

బుల్లెట్ ఎంపికలో ఒక్క అంకె తప్పక చూడండి: అది విచ్చుకోవడానికి కావలసిన కనీస వేగం. రాగి బుల్లెట్లలో చాలావాటికి తగిలేటప్పుడు సెకనుకు 550 నుంచి 600 మీటర్ల వేగం ఉండాలి. 6.5 క్రీడ్‌మూర్ 143 గ్రెయిన్ల బుల్లెట్ 500 మీటర్ల దగ్గర 600 దరిదాపుల్లో ఉంటుంది. అంటే రాగి బుల్లెట్ వాడాలని నిబంధన ఉన్న చోట 500 అన్నది అంచు. వేగం చాలకపోతే బుల్లెట్ విచ్చుకోకుండా సన్నటి చిల్లు చేసి అవతలికి పోతుంది, జంతువు చాలా దూరం పరుగెడుతుంది. ఈ కనీస వేగం అంకెను తయారీదారే చెబుతాడు. మీ బారెల్ నుంచి వచ్చే అసలు వేగాన్ని క్రోనోగ్రాఫ్ అనే వేగం కొలిచే పరికరంతో కొలిచి, ఆ రెండిటినీ కలిపి మీ గరిష్ఠ దూరం కట్టుకోండి. పెట్టె మీద రాసిన వేగం నమ్మొద్దు. బారెల్ ఒక్కో అంగుళం తగ్గితే సెకనుకు సుమారు 6 నుంచి 8 మీటర్లు పోతాయి.

యాక్షన్ గురించి వాదనలు చాలా వింటారు. 1898 నాటి మౌజర్ నుంచి వచ్చిన కంట్రోల్డ్ ఫీడ్ (తూటా మ్యాగజైన్‌లోంచి లేస్తుండగానే బోల్ట్ పంజా పట్టుకునేది) గొప్పదా, పుష్ ఫీడ్ (తూటాని ముందుకి తోసి చివర్లో పట్టుకునేది) సరిపోతుందా అని. వించెస్టర్ మోడల్ 70 ని 1936 నుంచి కంట్రోల్డ్ ఫీడ్‌తో చేసేవారు. 1964లో దాన్ని పుష్ ఫీడ్‌కి మార్చినప్పుడు వేటగాళ్లు పెట్టిన గోల ఇంకా చల్లారలేదు. మీద పడే జంతువుల వేటలో, తలకిందులుగా పట్టుకుని కూడా బోల్ట్ లాగాల్సి వస్తే, మౌజర్ పంజాకి విలువుంది. కొండవాలులో పడుకుని జింకని కాల్చడానికి ఏదైనా ఒకటే. రెమింగ్టన్ 700, టిక్కా, హోవా, బెర్గారా అన్నీ పుష్ ఫీడే.

చూడాల్సింది వేరే ఉంది. పడుకుని, కన్ను స్కోప్ మీంచి తీయకుండా, బోల్ట్ వెనక్కి లాగి ముందుకి తోయగలరా? రెండు లగ్గుల (బోల్ట్‌ని లోపల బిగించే పళ్ల) బోల్ట్ మామూలుగా 90 డిగ్రీలు లేవాలి. టిక్కా బోల్ట్ 70 డిగ్రీలు, మూడు లగ్గుల బ్రౌనింగ్ ఎక్స్-బోల్ట్ 60 డిగ్రీలు లేస్తే చాలు. లేపే కోణం తక్కువైతే స్కోప్ వెనక భాగానికీ బోల్ట్ పిడికీ మధ్య చేతికి చోటు దొరుకుతుంది. చలిలో తొడుగులు వేసుకున్నప్పుడు ఇది తెలిసొస్తుంది. అయితే కోణం తగ్గిన కొద్దీ లేపడానికి కొంచెం ఎక్కువ బలం కావాలి. అమ్మేవాడి అనుమతితో డమ్మీ తూటాలు పెట్టి, నెమ్మదిగా ఒకసారి, గట్టిగా ఒకసారి ఆడించి చూడండి. తూటా ముక్కు ఎక్కడైనా తట్టుకుంటే ఆ రైఫిల్ వద్దు.

సేఫ్టీ వేసి ఉండగానే బోల్ట్ తెరిచి తూటా బయటికి తీయగలిగితే మంచిది. మోడల్ 70 లోని మూడు స్థానాల సేఫ్టీలో ఆ సౌకర్యం ఉంది, వేరే మోడల్స్‌లో వేరే పద్ధతులున్నాయి. కొండ ఎక్కేటప్పుడు ఛాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే గది) ఖాళీగా ఉంచండి. దూరపు వేటలో బోల్ట్ తోసి తూటా ఎక్కించుకునేంత సమయం ఎప్పుడూ ఉంటుంది.

స్టాక్‌ని కొనేవాళ్లు చిన్నచూపు చూస్తారు. నా లెక్కలో బారెల్ తర్వాత అదే ముఖ్యం. కొట్టులోనే చేయదగిన పరీక్షలు రెండున్నాయి. ఒకటి, ఒక మామూలు కాగితం ముక్కని బారెల్ కింద స్టాక్‌కీ బారెల్‌కీ మధ్య దూర్చి, చివరి నుంచి యాక్షన్ దాకా జరపండి. ఎక్కడా పట్టుకోకూడదు. రెండోది, స్టాక్ ముందు కొసని, బారెల్‌ని ఒక చేత్తో కలిపి పట్టుకుని నొక్కండి. చవక ప్లాస్టిక్ స్టాక్ వంగి బారెల్‌ని తాకుతుంది. రెండు కాళ్ల బైపాడ్ వేసి ముందుకి ఒత్తిడి పెట్టినప్పుడు కూడా అదే జరుగుతుంది. బెంచి మీద ఒక చోట, బ్యాగు మీద ఇంకో చోట తూటా పడుతోందని తలపట్టుకునే వాళ్లలో చాలామందికి కారణం ఇదే. చెక్క స్టాక్ కంటికి బాగుంటుంది గానీ తేమకి ఉబ్బుతుంది, ఎండకి తగ్గుతుంది. వర్షంలో తిరిగే వేటకి ఫైబర్‌గ్లాస్ లేదా కార్బన్ ఫైబర్ స్టాక్, లేదా లోపల అల్యూమినియం చట్రం ఉన్న సింథటిక్ స్టాక్ తీసుకోండి.

స్టాక్ మీ ఒంటికి కుదరాలి కూడా. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి, చెంప ఆనించి, కళ్లు తెరవండి. స్కోప్ మొత్తం నిండుగా, అంచుల్లో నల్లటి నీడ లేకుండా కనిపించాలి. తల పైకెత్తితేనే కనిపిస్తోందంటే చెంప కింద ఎత్తు చాలదు. చెంప ఎత్తు సర్దుకునే స్టాక్ వస్తే మంచిదే, లేకపోతే కట్టుకునే చెంపదిండు ఒకటి వేసుకోండి.

బారెల్ మందం విషయంలో మధ్యేమార్గం మంచిది. మరీ సన్నటిది మూడో తూటాకి వేడెక్కి పక్కకి జరగొచ్చు. పోటీల్లో వాడే మందపాటిది అడుగడుగునా బరువే. ఫ్యాక్టరీలు రెండు అంచుల మధ్య, బయట పొడవునా గాళ్లు తీసిన స్పోర్టర్ (ఓ మాదిరి మందం) బారెల్స్ ఇస్తున్నాయి, వేటకి అవి చాలు. రెండున్నర కిలోల అతి తేలిక కొండ రైఫిళ్లు మోయడానికి సుఖం. కానీ ఆయాసపడుతూ పడుకున్నాక గుండె కొట్టుకున్నప్పుడల్లా రెటికిల్ (స్కోప్‌లోని గురి గీతలు) ఎగురుతుంది. 4 కిలోల పైన బరువుంటే అది కాస్త ఆగుతుంది. 5 కిలోలు దాటితే మాత్రం పగలంతా కొండెక్కాక అలసిపోయిన చేతులతో కాల్చాల్సి వస్తుంది. అందుకే 4 నుంచి 4.5 అన్నాను.

ట్రిగ్గర్ కిలో నుంచి కిలోన్నర మధ్య, జారుడు లేకుండా తెగితే చాలు. సావేజ్ అక్యూట్రిగ్గర్‌తో మొదలుపెట్టి ఇప్పుడు చాలా కంపెనీలు మనమే సర్దుకునేలా ఇస్తున్నాయి. వేట రైఫిల్‌కి అంతకంటే తేలిక చెయ్యొద్దు. చలికి మొద్దుబారిన వేలికి అతి తేలిక ట్రిగ్గర్ ప్రమాదం.

కచ్చితత్వానికి కంపెనీలిచ్చే ఎంఓఏ గ్యారంటీ గురించి. ఎంఓఏ అన్నది కోణం కొలత, ఒక ఎంఓఏ అంటే 100 మీటర్ల దగ్గర 2.9 సెంటీమీటర్లు, 400 దగ్గర 11.6. ఒక ఎంఓఏ రైఫిల్ అంటే తూటాలన్నీ ఆ వెడల్పులో పడాలి, అంటే మధ్య నుంచి ఆరు సెంటీమీటర్ల లోపే. జింకకి ఇది పూర్తిగా చాలు. అయితే కంపెనీల గ్యారంటీలు ఎక్కువగా మూడు తూటాల మీద ఇస్తారు. మూడు తూటాల గ్రూపు అదృష్టంతో కూడా చిన్నదవుతుంది. అదే రైఫిల్‌తో పది తూటాలు కాల్చండి, గ్రూపు తప్పకుండా పెద్దదవుతుంది. నిజం ఆ పది తూటాల్లో ఉంది. పది తూటాల గ్రూపు ఒకటిన్నర ఎంఓఏ వస్తే ఆ రైఫిల్ బంగారం. అర ఎంఓఏ కోసం ఇంకో రెండింతల డబ్బు పెట్టేకన్నా గాలి చదవడం నేర్చుకోండి. 400 మీటర్ల దగ్గర గాలిని సెకనుకు ఒక మీటరు తప్పుగా చదివితేనే ఆరు సెంటీమీటర్లు పోతాయి.

స్కోప్. 3-15 లేదా 4-16 మాగ్నిఫికేషన్, 44 నుంచి 50 మిల్లీమీటర్ల అద్దం, పారలాక్స్ సర్దుబాటు (కన్ను కదిలితే గురి జరగకుండా), పైన టరెట్‌కి (ఎత్తు దిద్దే చక్రానికి) జీరో స్టాప్ (తిరిగి జీరో దగ్గర ఆగే కట్టు). 25 రెట్లు అక్కర్లేదు. మాగ్నిఫికేషన్ ఎక్కువైతే చూసే వైశాల్యం తగ్గి, కాల్చాక జంతువు దొరకదు. రెటికిల్‌తో గాలి పట్టుకునే అలవాటుంటే ఫస్ట్ ఫోకల్ ప్లేన్ (మాగ్నిఫికేషన్‌తో పాటు గీతలూ పెరిగి తగ్గేది) మేలు. అయితే అందులో తెల్లవారుజామున, సాయంత్రం మసకలో తక్కువ మాగ్నిఫికేషన్‌లో గీతలు మరీ సన్నగా అయిపోతాయి కాబట్టి కొనే ముందు మసకలోనే చూడండి. మిల్ అయినా ఎంఓఏ అయినా ఒకటే, రెటికిల్, టరెట్ రెండూ ఒకే కొలతలో ఉంటే సరి. మీటర్లలో ఆలోచించే మనకి మిల్ సులువు. 0.1 మిల్ అంటే 100 మీటర్ల దగ్గర సరిగ్గా ఒక సెంటీమీటర్.

కొన్నాక ఈ పరీక్ష చెయ్యండి. 100 మీటర్ల దగ్గర ఒక పొడవాటి కాగితం అంటించి, తూకం గుండు వేలాడదీసి దాని వెంట నిట్టనిలువు గీత గియ్యండి. కింద ఒక చుక్కకి గురిపెట్టి కాల్చండి. టరెట్ 10 మిల్ తిప్పి, మళ్లీ అదే చుక్కకి గురిపెట్టి కాల్చండి. రెండో తూటా మొదటిదానికి సరిగ్గా 100 సెంటీమీటర్ల పైన, గీత మీదే పడాలి. 96 దగ్గర పడితే స్కోప్ నాలుగు శాతం తక్కువ తిరుగుతోందని అర్థం, అది లెక్కలో కలపొచ్చు. గీత నుంచి పక్కకి పడితే స్కోప్ వాలుగా బిగించారు. తిరిగి సున్నాకి తెచ్చి కాల్చితే మొదటి చిల్లు పక్కనే పడాలి. అలా పడకపోతే ఆ స్కోప్ వెనక్కిచ్చెయ్యండి. నాకు తెలిసిన ఒకరు ఒక సీజనంతా బారెల్‌ని తిట్టుకున్నారు, తూటాలు నాలుగు రకాలు మార్చారు. చివరికి స్కోప్ విప్పి చూస్తే బేస్ స్క్రూల్లో ఒకటి వేలితో తిరుగుతోంది. టార్క్ రెంచి ఒకటి కొనుక్కుని, తయారీదారు చెప్పిన లెక్కకే బిగించండి.

రైఫిల్ పక్కకి వాలడం కూడా చిన్న విషయం కాదు. వాలులో కూర్చున్నప్పుడు కంటికి భూమే సమంగా ఉన్నట్టు అనిపించి రైఫిల్ ఒరిగిపోతుంది. ఐదు డిగ్రీలు ఒరిగితే 500 మీటర్ల దగ్గర తూటా సుమారు 20 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. స్కోప్ ట్యూబ్‌కి చిన్న బుడగ లెవెల్ ఒకటి బిగించుకుంటే చాలు.

మజిల్ బ్రేక్ (పేలుడు వాయువుని పక్కలకి మళ్లించేలా బారెల్ మూతికి బిగించే ముక్క) తన్నుడిని బాగా తగ్గిస్తుంది, కానీ చప్పుడు పక్కకీ వెనక్కీ మళ్లి చెవుల్ని పాడుచేస్తుంది. బ్రేక్ ఉన్న రైఫిల్‌ని చెవిమూతలు లేకుండా ఒక్కసారి కూడా కాల్చొద్దు. పక్కన గైడో తోటి వేటగాడో ఉంటే వాళ్లకీ ఉండాలి. చట్టం ఒప్పుకునే చోట సప్రెసర్ (చప్పుడు తగ్గించే గొట్టం) నిస్సందేహంగా మేలు. అది వేసుకునేట్టయితే 20 అంగుళాల బారెల్ తీసుకోండి, లేకపోతే మొత్తం పొడవు పొదల్లో తట్టుకుంటుంది.

పాతది కొనాలనుకుంటే భయపడక్కర్లేదు. మంచి బోల్ట్ యాక్షన్ ఒక తరం మనిషిని దాటి ఉంటుంది. బారెల్ మొదట్లో, ఛాంబర్ ముందు గాళ్లు అరిగాయో లేదో బోర్‌స్కోప్‌తో (బారెల్ లోపల చూసే సన్నటి పరికరంతో) చూపించమనండి. మాగ్నమ్‌లలో అక్కడే ముందు పోతుంది. సీరియల్ నంబర్‌ని తయారీదారు రీకాల్ జాబితాలో చూడండి. ట్రిగ్గర్‌ని ఎవరైనా ఇంట్లో సర్దారా అని అడగండి. ఖాళీ అని నిర్ధారించుకుని, బోల్ట్ గట్టిగా మూసి, సేఫ్టీ వేసి తీసి చూడండి. ట్రిగ్గర్ దానంతటదే తెగితే ఆ రైఫిల్‌ని అక్కడే వదిలెయ్యండి.

ఇక రైఫిల్ ఇంటికొచ్చాక. ఒకే కాగితం తీసి పెట్టుకోండి. రేంజికి వెళ్లిన ప్రతిసారీ మొదటి తూటా, చల్లటి బారెల్‌తో, బ్యాగు మీద ఆనించి, ఆ కాగితం మీదే కాల్చండి. చిల్లు పక్కన తేదీ, ఉష్ణోగ్రత రాయండి. కాగితం మడిచి మళ్లీ తీసుకెళ్లండి. వేసవి, చలి, వాన అన్నీ దాటిన ఆ కాగితం మీది చిల్లుల వెడల్పే మీ అసలు గ్రూపు. ముందు 200 మీటర్ల దగ్గర, తర్వాత 300, తర్వాత 400 దగ్గర ఇలాగే చెయ్యండి. ఏ దూరంలో ఆ చిల్లులన్నీ 20 సెంటీమీటర్ల వలయంలో ఉంటాయో అదే గాలి లేని రోజున మీ దూరం. గాలి ఉంటే దాన్లోంచి వంద మీటర్లు తగ్గించండి. చాలామంది మంచి వేటగాళ్లకి అది 350 దగ్గర ఆగుతుంది, 350 లోపు దూరం పాకడానికి కొండవాలుల్లో దారి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది.

మీ ఎత్తు, చేయివాటం, కళ్లజోడు ఉందా లేదా అన్నవి రాస్తే స్టాక్ పొడవు, స్కోప్ మౌంట్ ఎత్తు గురించి ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను. ఎడమచేతివాటం అయితే ముందే చెప్పండి. పైన రాసిన వాటిలో అన్ని మోడల్స్‌కీ అన్ని కాలిబర్‌లలో ఎడమచేతి బోల్ట్ రాదు, జాబితా మారిపోతుంది.